నీటికి సొంత దారి లేదు

వాంతులకు మాత్ర వేసుకుంటే రెండు రోజులు మోషన్ ఎందుకు కాలేదని ఒకావిడ అడిగారు. వాంతి తలలో పుట్టేదే కదా, ఆ మాత్రకి పేగులతో ఏం పని అని ఆవిడ సందేహం. చాలా మంచి ప్రశ్న. వికారం, మలబద్ధకం, విరేచనాలు అని మనం మూడు వేర్వేరు బాధలుగా చూస్తాం గానీ, వాటి మందులు చాలావరకు ఒకే చోట కలుస్తాయి.

ఆవిడ వేసుకున్నది ఒండాన్‌సెట్రాన్. ఇది సెరటోనిన్ అనే రసాయనానికి అడ్డుపడే మందు. సెరటోనిన్ అనగానే మెదడు, మూడ్, డిప్రెషన్ గుర్తొస్తాయి కానీ, ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది పేగుల్లోనే. పేగు లోపలి పొరలో అక్కడక్కడా ఉండే కొన్ని కణాలు దాన్ని తయారుచేసి దాచుకుంటాయి. ఏదైనా విషమో, కీమోథెరపీ మందో తగిలితే ఒక్కసారిగా బయటికి వదులుతాయి. పక్కనే వేగస్ నరం కొసలుంటాయి, వాటిమీద సెరటోనిన్‌ని పట్టుకునే గ్రాహకాలుంటాయి, కబురు మెదడు కాండానికి చేరుతుంది, వాంతి అవుతుంది. ఒండాన్‌సెట్రాన్ ఆ గ్రాహకాల్లో తనే ముందు వెళ్లి కూర్చుంటుంది, ఇక కబురు పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది. 1990ల మొదట్లో ఈ మందు వచ్చాక కేన్సర్ చికిత్స భరించదగ్గదైంది, ఇది చిన్న విషయం కాదు.

అయితే పేగును కదిలించే పనిలోనూ సెరటోనిన్‌కి పెద్ద వాటా ఉంది. దాన్ని ఆపితే కదలిక మందగిస్తుంది, పెద్ద పేగుకి నీళ్లు పీల్చుకోవడానికి ఎక్కువ టైమ్ దొరుకుతుంది, మలం గట్టిపడుతుంది. ఆవిడ ప్రశ్నకి జవాబు ఇదే. వాంతులకే వాడే ఇంకో మందు డోంపెరిడోన్, దాని దారి వేరు. రక్తంలోకి వచ్చిన విషాన్ని పసిగట్టడానికి మెదడు అడుగున ఒక చిన్న చోటు ఉంది, మిగతా మెదడుకి ఉన్న కాపలా గోడ అక్కడ ఉండదు. డోంపెరిడోన్ ఆ గోడను పెద్దగా దాటలేదు, అయినా గోడ లేని ఆ చోట డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుని వాంతి ఆపుతుంది. ప్రయాణంలో కడుపు తిప్పడం ఇంకో కథ, అది చెవి లోపల ఉండే బ్యాలెన్స్ యంత్రం నుంచి వస్తుంది, దానికి హిస్టమిన్ అనే ఇంకో రసాయనాన్ని ఆపే మందులు కావాలి, ఒండాన్‌సెట్రాన్ అక్కడ పెద్దగా పనికిరాదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి నీళ్ల లెక్క. రోజూ మన చిన్న పేగులోకి సుమారు 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో మనం తిన్నదీ తాగిందీ కలిపి 2 లీటర్లే. మిగతా 7 లీటర్లు లాలాజలం, జఠర రసం, పైత్యరసం లాంటి మన సొంత సరుకే. చివరికి మలంలో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు, అంటే అరబకెట్టు నీళ్లు లోపలికి వెళితే బయటికొచ్చేది ఒక గ్లాసు. మొత్తం మీద 2 శాతం తక్కువగా పీల్చుకున్నా 180 మిల్లీలీటర్లు అదనంగా మిగిలిపోతాయి, మలంలో నీరు రెట్టింపవుతుంది. మలబద్ధకానికీ విరేచనాలకీ మధ్య ఉన్న దూరం ఇంతే.

మరి ఆ నీళ్లను పీల్చేది ఏది? మన ఒంట్లో నీటిని నేరుగా తోడే పంపు ఒక్కటి కూడా లేదు. కణాలు ఉప్పుని తోడతాయి, నీళ్లు ఉప్పు వెంట వెళతాయి. స్కూల్లో ద్రవాభిసరణ పాఠాన్ని బంగాళాదుంప ముక్కతోనో ఎండుద్రాక్షతోనో చెప్పి ఆపేస్తారు, అదే పాఠం మన కడుపులో రోజంతా నడుస్తోందని చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

కలరా సంగతి చూడండి. దాని విషం పేగు కణంలో క్లోరైడ్ బయటికెళ్లే తలుపుని తెరిచి అలాగే ఉంచేస్తుంది. క్లోరైడ్ వెంట సోడియం, ఆ రెండిటి వెంట నీళ్లు, గంటల్లో లీటర్లకి లీటర్లు పోతాయి. కానీ అదే కణం మీద ఇంకో తలుపుంది, దాన్ని కలరా ముట్టుకోదు. ఆ తలుపు గుండా రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే లోపలికి ప్రవేశం, ఉత్త సోడియం వస్తే తెరుచుకోదు. ఓఆర్ఎస్‌లో చక్కెర ఉండేది నీరసం తగ్గడానికని చాలామంది అనుకుంటారు, నిజానికి అది ఉప్పుకి తోడు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చినప్పుడు సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే తాగించారు, 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి. విరేచనాలవుతుంటే నీళ్లు తాగకూడదని, తాగితే ఇంకా ఎక్కువవుతాయని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. దయచేసి ఈ మాట వినకండి, ప్రాణం తీసేది ఒంట్లో నీరు తగ్గిపోవడమే.

అయితే కొలత తప్పకూడదు. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి, వీటితోపాటు పొటాషియం, సిట్రేట్ కూడా. తియ్యగా ఉంటే మంచిదని చక్కెర ఎక్కువ వేస్తే, తలుపు దగ్గర చోటు దొరకని చక్కెర పేగులోనే ఉండిపోయి నీళ్లని తన వైపు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. సరిగ్గా ఈ తప్పునే మలబద్ధకానికి మందుగా మార్చారు, దాని పేరు లాక్టులోజ్. అది మన పేగు అరిగించుకోలేని చక్కెర, లోపల ఉండిపోయి నీళ్లు లాగి మలాన్ని మెత్తబరుస్తుంది.

ఇంకా ఆశ్చర్యం లినాక్లోటైడ్ అనే మలబద్ధకం మందు. ఈ-కోలై బ్యాక్టీరియా విరేచనాలు పుట్టించడానికి వాడే విషానికి నకలుగా దీన్ని తయారుచేశారు. కలరా తెరిచే ఆ క్లోరైడ్ తలుపునే ఇది కొంచెం, అదుపులో తెరుస్తుంది. అదే తలుపుని మూసే క్రోఫెలెమర్ అనే విరేచనాల మందు కూడా ఉంది, దాన్ని ఒక చెట్టు పాల నుంచి తీశారు. తెరిచే మందుకీ మూసే మందుకీ అమెరికాలో 2012లోనే అనుమతి దొరికింది. ఆ ఒక్క తలుపు మీద నాకెంత ఇష్టమో చెప్పలేను.

విరేచనాలకి వాడే లోపెరమైడ్ తలుపుల జోలికి పోదు, టైమ్‌ని మారుస్తుంది. అది మార్ఫిన్ జాతి మందు, పేగు గోడలోని నరాలను నెమ్మదింపజేస్తుంది. మెదడు దాకా వెళ్లినా కాపలా గోడలోని పంపు దాన్ని మళ్లీ రక్తంలోకి తోసేస్తుంది కాబట్టి మామూలు మోతాదులో మత్తు ఉండదు. రక్తం పడుతున్నా, జ్వరం గట్టిగా ఉన్నా డాక్టర్‌ని అడగకుండా వాడకండి, బయటికి పోవాల్సిన క్రిమిని లోపలే ఆపినట్టవుతుంది.

ఆఖరికి ఇసబ్గోల్. గ్లాసు నీళ్లలో ఒక చెంచా పొట్టు వేసి కలిపి కాసేపు ఆగితే, పొట్టు ఉబ్బి నీళ్లన్నీ చిక్కటి జెల్లీలా అవుతాయి, చెంచా తిప్పడానికి బరువనిపిస్తుంది. కడుపులోనూ అదే జరుగుతుంది. మలం గట్టిగా ఉంటే ఆ జెల్లీ పట్టుకున్న నీళ్లు దాన్ని మెత్తబరుస్తాయి, పల్చగా ఉంటే వదులుగా ఉన్న నీళ్లని అదే జెల్లీ పట్టేసుకుంటుంది, అందుకే రెండిటికీ ఒకే మందు ఇస్తారు. పొడిగా మాత్రం నోట్లో వేసుకోకండి, గొంతులోనే ఉబ్బుతుంది.