వయొలిన్ శ్రుతి నిలవకపోతే తప్పు పాపది కాదు: వాయిద్యాల కొనుగోలు, అద్దె, రిపేరుపై అపోహలు - వాస్తవాలు

పోయిన జూన్‌లో, బడులు తెరిచిన వారం, ఒకావిడ తొమ్మిదేళ్ల పాపని వెంటబెట్టుకుని మా కొట్టుకి వచ్చారు. చేతిలో వయొలిన్ పెట్టె ఉంది. "ఇది వెనక్కి తీసుకుంటారా అండీ? ఆర్నెల్లుగా నేర్పిస్తున్నాం. దీనికి సంగీతం రాదని తేలిపోయింది" అన్నారు. పాప తల దించుకుని నిలబడింది. ఎడమచేతి వేళ్లు చూపించమన్నాను. చూపుడు వేలి కొసన తీగ ఒత్తుకున్న గీత ఎర్రగా దిగబడి ఉంది.

పెట్టె తెరిచాను. తీగల కింద నిలబెట్టే చెక్కముక్క, బ్రిడ్జి, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, దాన్ని ఎవరూ అరగదీయలేదు. వేళ్లతో తీగలు నొక్కే ఫింగర్‌బోర్డు చివర తీగల ఎత్తు కొలిస్తే దాదాపు సెంటీమీటరు. అందులో సగం ఉంటే చాలు. పైన, తీగలు బిగించే బిరడాల పక్కనుండే నట్‌లో తీగలు ఆనే గాళ్లు కూడా లోతుగా కోయలేదు. బిరడాలు జారిపోతున్నాయి. నేను పంచమం కలిపేలోపు షడ్జం దిగిపోతోంది. ఇలాంటి దాని మీద ఆర్నెల్లు సాధన చేసిందంటే ఆ పిల్ల ఓపికకి దణ్ణం పెట్టాలి.

బ్రిడ్జి పైఅంచు వంపు చెడకుండా అరగదీశాను. నట్ గాళ్లు సన్న ఆకురాయితో దించాను. బిరడాలు జారకుండా కొంచెం సుద్దముక్క, తిప్పితే సాఫీగా తిరగడానికి కొంచెం సబ్బు రాశాను. మొత్తం గంట పట్టింది. పాప చాప మీద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించుకుని, సరళీ వరస మొదటిది విలంబంలో వాయించింది. తర్వాత రెండో కాలం. ఆవిడ వెనక్కిచ్చే మాట మళ్లీ ఎత్తలేదు.

విజయనగరంలో ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. వాయిద్యం సరిగ్గా లేకపోతే పెద్దవాళ్లు వచ్చి కొట్టువాణ్ణి నిలదీస్తారు. పిల్లలు మాత్రం తమకే చేతకాలేదనుకుని ఊరుకుంటారు, ఒకరోజు మానేస్తారు. రోజూ నేను వినే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో అందుకే రాస్తున్నాను.

అపోహ: నేర్చుకునే పిల్లలకి ఏదైతే ఏం? ముందు చవకది కొని, వస్తే మంచిది కొందాం.

ఇది తిరగేసి ఆలోచించాల్సిన విషయం. బాగా వచ్చినవాళ్లు పాడు వాయిద్యాన్ని కూడా ఎలాగో లొంగదీసుకుంటారు. శ్రుతి ఇంకా చెవికి పట్టని పిల్లలకే శ్రుతిలో నిలిచే వాయిద్యం కావాలి. అలాగని ఖరీదైనది కొనమని నేననను. మూడు నాలుగు వేల వయొలిన్‌ని కూడా బ్రిడ్జి, నట్, బిరడాలు సరిచేసి, మంచి తీగలు వేస్తే మొదటి ఏడాదికి పనికొచ్చేలా చేయొచ్చు. పదివేలు పెట్టి కొని ఈ పని చేయించకపోతే అది కూడా పాప చేతిలోని వయొలిన్ లాంటిదే. ధర అడిగే ముందు "సెట్ చేసి ఇస్తారా, దానికి విడిగా ఎంత?" అని అడగండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లకి ఇంకో మాట. వయొలిన్ పార్సిల్‌లో సాధారణంగా బ్రిడ్జి పడుకోబెట్టి వస్తుంది. కొందరు దాన్ని వెనకా ముందూ మార్చి నిలబెట్టి, తీగలు బిగించేస్తారు. లోపల పై పలకకీ కింద పలకకీ మధ్య సౌండ్ పోస్ట్ అని చిన్న కర్రముక్క ఉంటుంది. దానికి జిగురు ఉండదు, ఒత్తిడితోనే నిలబడుతుంది. దారిలో అది పడిపోయి ఉంటే వయొలిన్ ఊపగానే లోపల గలగలమంటుంది. అప్పుడు తీగలు బిగించకండి, పై పలక కుంగిపోతుంది. తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పొద్దు, ఒక్కొక్కటే మార్చండి అని మేం పదేపదే చెప్పేది కూడా ఈ కర్రముక్క కోసమే.

అపోహ: అద్దె డబ్బు బూడిదలో పోసినట్టే. ఎదిగే పిల్ల కదా, పెద్ద సైజు కొనేస్తే సరి.

ఒళ్లు పెరుగుతుందని చొక్కా వదులుగా కుట్టిస్తాం. వయొలిన్‌కి అది కుదరదు. పిల్లల మెడ దగ్గర నుంచి అరచేతి మధ్య వరకు కొలవాలి. సుమారు 58 సెంటీమీటర్లు వస్తే పూర్తి సైజు పట్టుకోగలరు. అంతకన్నా తక్కువైతే ముప్పావు సైజు, ఇంకా చిన్నవాళ్లకి అర సైజు. పెద్ద వయొలిన్ ఇస్తే వేళ్లు సాగదీసి పట్టుకోవడం అలవాటవుతుంది. స్వరస్థానాలన్నీ కాస్త కిందికే పడతాయి. తర్వాత ఆ చెయ్యి సరిచేయడానికి గురువుగారు పడే అవస్థ నేను చూశాను.

అర సైజు రెండేళ్లు, ముప్పావు సైజు రెండేళ్లు అనుకోండి. ఆ రెండూ కొని, తర్వాత అమ్ముకోవడానికి మనిషిని వెతుక్కునే బదులు అద్దెకి తీసుకోవడం మేలు. అయితే అన్నిటికీ అద్దె లాభం కాదు. వీణ, మృదంగం, గిటార్ లాంటివి ఏడాది దాటి నేర్చుకునే ఉద్దేశం ఉంటే కొనుక్కోవడమే నయం. నెల అద్దెని పన్నెండుతో హెచ్చవేసి ధర పక్కన పెట్టుకుని చూడండి, మీకే తెలుస్తుంది. దసరా పందిట్లోకో, పెళ్లికో రెండ్రోజులకి కీబోర్డు, ప్యాడ్ కావాలంటే అది వేరే లెక్క.

అద్దెకి తీసుకునేటప్పుడు ఉన్న గీతలు, పగుళ్లు అక్కడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తీగ తెగితే ఎవరు వేయించాలి, డిపాజిట్‌లో దేనికి కోత పడుతుంది, తర్వాత కొంటే కట్టిన అద్దెలో ఎంత తగ్గిస్తారు, ఈ మూడూ రసీదు మీద రాయించుకోండి. నోటిమాట మీద ఇచ్చినప్పుడే మా మధ్య, ఖాతాదారుల మధ్య తగాదాలు వస్తాయి.

అపోహ: తాతగారి వయొలిన్‌లో స్ట్రాడివేరియస్ అని రాసి ఉంది. కోట్లు పలుకుతుంది.

మా ఊళ్లో ఈ మాట మరీ ఎక్కువ వింటాం. ఇక్కడ 1919లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో అటక మీద ఒక పాత వయొలిన్ పెట్టె ఉంటుంది.

ఒక రిటైర్డ్ మాస్టారు అలాంటిదే తెచ్చారు. పై పలకలో ఎడమ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే లోపల చీటీ కనిపిస్తుంది: ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, క్రెమోనా, పదిహేడు వందల ఎంతో. స్ట్రాడివరి ఇటలీలోని క్రెమోనాలో 1737లో చనిపోయాడు. ఆయన నమూనా మీద జర్మనీలోని మార్క్‌నోయ్‌కిర్షెన్, మిట్టెన్‌వాల్డ్ లాంటి ఊళ్లలో పంతొమ్మిదో శతాబ్దం చివర లెక్కలేనన్ని వయొలిన్లు తయారయ్యాయి. ఏ నమూనానో చెప్పడానికి అదే చీటీ అచ్చు వేసి అంటించేవారు. చీటీ కింద మేడ్ ఇన్ జర్మనీ అని ఉంటే అది 1890 తర్వాతది అనుకోవచ్చు. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా ఆ ఏడాదే చట్టం చేసింది.

మాస్టారి ముఖం చిన్నబోయింది. కానీ వయొలిన్ మంచిది. పై పలక స్ప్రూస్ చెక్క, చేత్తో మలిచింది, గీతలు సన్నగా, నిటారుగా ఉన్నాయి. ఇప్పుడు కొత్తవాటిలో అలాంటి చెక్క అంత సులువుగా దొరకదు. బాధ కలిగించింది మరొకటి. ఎప్పుడో పక్క అతుకు విడిపోతే వడ్రంగి చేత చెక్కపనికి వాడే తెల్ల జిగురు పట్టించి బిగించారు. ఆ అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనే పై పలక నిలువునా చీలింది.

అపోహ: విడిన అతుకుకి ఎంత గట్టి జిగురు వేస్తే అంత మంచిది.

వయొలిన్‌ని సరేసుతో అతికిస్తారు. జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన పాతకాలపు జిగురు అది. వేడినీళ్లలో కరిగించి, వేడిగా ఉండగానే రాయాలి. దాని గొప్పతనం చెక్క కంటే కొంచెం బలహీనంగా ఉండటంలోనే ఉంది. చెమ్మకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మా సముద్రతీరపు గాలికి ఇది ఏటా జరిగేదే. ఆ లాగుడుకి ముందు అతుకు విడిపోవాలి, పలక మిగలాలి. విడిన అతుకుని అరగంటలో మళ్లీ అతికిస్తాం. రేపు ఇంకేదో రిపేరుకి పై పలక తీయాలన్నా కొంచెం వేడి, కొంచెం తడి, సన్న కత్తి ఉంటే చాలు. తెల్ల జిగురుకి ఇవేవీ కుదరవు. అందుకని అతుకు విడితే ఇంట్లో ఏమీ రాయకుండా, తీగలు కొంచెం వదులు చేసి తీసుకురండి. మాస్టారి వయొలిన్ పైపలక చీలికని లోపలి నుంచి చిన్న చెక్కబిళ్లలు వేసి నిలబెట్టాను. దానికి మూడు వారాలు పట్టింది.

అపోహ: ఏకాండి వీణ కొంటే ఇక జీవితాంతం ముట్టుకోనక్కర్లేదు.

బొబ్బిలి వీణ మాకు పొరుగుదే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు తరతరాలుగా చేస్తున్నారు. ఒకే పనస మొద్దు నుంచి కుండ, దండి తొలుస్తారు కనుక ఏకాండి అంటాం. అతుకు లేకపోవడం నిజంగా పెద్ద సుగుణం. కానీ వీణ శ్రుతిని నిలబెట్టేది తీగని నొక్కే మెట్లు. ఇరవై నాలుగు కంచు మెట్లనీ నల్లటి మైనపు కట్టలో నిలబెడతారు. మైనం ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బీటలిస్తుంది. తీగ రాపిడికి మెట్ల మీద గాళ్లు పడతాయి. అప్పుడు మైనం తీసి, కొత్తది పోసి, చెవితో ఒక్కో స్వరం చూసుకుంటూ మెట్లు మళ్లీ నిలబెట్టాలి. ఎంత సాధన చేస్తారు, ఎక్కడ ఉంచుతారు అన్నదాన్ని బట్టి కొన్నేళ్లకోసారి ఈ పని తప్పదు.

మే నెలలో ఒక కుటుంబం పెళ్లికి వెళ్తూ దారిలో భోజనానికి ఆగారు. కారు అద్దాలన్నీ ఎత్తేసి, వీణ వెనక సీట్లో పడుకోబెట్టారు. తిరిగి వచ్చేసరికి మైనం మెత్తబడి మెట్లు ఒకపక్కకి ఒరిగిపోయాయి. తారస్థాయిలో నాలుగు మెట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఆ అమ్మాయికి మర్నాడు సాయంత్రం కచేరీ ఉంది. రాత్రంతా కూర్చుని ఆ నాలుగూ, వాటి పక్కవీ నిలబెట్టాను. వీణని ఎండలో ఆపిన కారులో వదలకండి. వీణ మీద నాకున్న కోరిక ఇదొక్కటే.

ఇంకోటి. బహుమతిగా ఇచ్చే చిన్న బొబ్బిలి వీణలు అందమైనవే, షోకేసులో పెట్టుకోండి. వాటి మీద నేర్చుకోలేరు.

అపోహ: వానాకాలంలో మృదంగం శ్రుతి దిగితే ఎండలో పెట్టాలి.

వద్దు. ఎండకి తోలు బిగుస్తుంది, శ్రుతి లేచినట్టే ఉంటుంది. అదే బిగువుకి కుడి మూత మీద కరణి నెర్రెలు విచ్చి పెచ్చులూడుతుంది. కరణి అంటే కిట్టంరాయి పొడిని అన్నం ముద్దతో కలిపి పొరమీద పొరగా రుద్ది ఆరబెట్టింది. ఒక్క పెచ్చు ఊడినా నాదం పోతుంది. వాయించాక గుడ్డసంచిలో పెట్టి, నేలకి ఆనకుండా ఎత్తున ఉంచండి. ఎడమ మూతకి పెట్టిన రవ్వ ముద్దని అదే రోజు గీకి తుడిచేయండి, లేకపోతే చీమలు, ఎలుకలు తోలుదాకా వస్తాయి. కొనేటప్పుడు గురువుగారి శ్రుతి తెలుసుకుని రండి. తగ్గు శ్రుతికి పొడుగు మృదంగం, హెచ్చు శ్రుతికి పొట్టిది. దీన్ని దానిగా మార్చడం మా వల్ల కాదు.

అపోహ: గిటార్ తీగలన్నీ ఒకటే.

నైలాన్ తీగల గిటార్‌కి స్టీల్ తీగలు వేసి బ్రిడ్జి ఊడగొట్టుకుని వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. నైలాన్ సెట్ మొత్తం లాగుడు 40 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. స్టీల్‌లో మామూలు సెట్ 70 కిలోలు దాటుతుంది. ఆ బరువుకి కట్టిన గిటార్ వేరు.

అపోహ: ఒక ఫ్లూట్ కొంటే అన్ని శ్రుతులకీ పనికొస్తుంది.

వెదురు వేణువు శ్రుతి అది తయారైనప్పుడే ఖాయమైపోతుంది. ఊదే తీరుతో వెంట్రుకవాసి అటూ ఇటూ జరపొచ్చు, అంతే.

అపోహ: హార్మోనియం శ్రుతి తప్పితే పారేయడమే.

లోపల గాలికి అదిరి మోగే ఇత్తడి రీడ్లుంటాయి. నాలుక కొసన సన్నగా గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. భజన మందిరాల్లో నలభై ఏళ్లుగా మోగుతున్న పెట్టెలు ఇలాగే బతుకుతున్నాయి. చాలాసార్లు రీడు పాడవనే పాడవదు. రీడు కింద దుమ్ము చేరుతుంది, లేదా తిత్తి మడతలో చిరుగు పడి గాలి పోతుంది. తిత్తి నిండా గాలి పట్టి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలి చూడండి. గబుక్కున దిగిపోతే ఎక్కడో కారుతోందన్నమాట. పాత పెట్టె కొనేటప్పుడు కూడా మొదట చూడాల్సింది ఇదే. పైన పాలిష్ ఎంత మెరిసినా దాని సంగతి తర్వాత.

రిపేరుకి వచ్చేటప్పుడు వయొలిన్‌తో పాటు కమాను, దాని వెంట్రుకలకి రాసే రోజిన్ కూడా తెండి. సగం ఫిర్యాదులు కమానులోనే తేలతాయి: వాయించాక వదులు చేయక కర్ర వంగిపోయిందో, వెంట్రుకలు నున్నగా అరిగిపోయాయో. కీబోర్డు అయితే దాని అడాప్టర్ కూడా తీసుకురండి. పిన్ను దూరింది కదా అని వేరేది గుచ్చి బోర్డు కాల్చుకున్నవి నా బల్ల మీద ఇప్పుడే రెండున్నాయి. మీ శ్రుతి ఎంతో కాగితం మీద రాసుకురండి. వాయించే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లని కూడా తీసుకురండి. ఎక్కడ నొప్పెడుతోందో, ఏ స్వరం పలకట్లేదో వాళ్లకే తెలుసు.