డాక్టర్ హూ పేచీకి మూలం 1985లో ఉంది

నిర్మాణంలో భాగస్వామి అయిన డిస్నీ తప్పుకుంటోందని 2025 అక్టోబరులో తెలిసినప్పటి నుంచి, బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' అభిమానుల్లో పాత పేచీ మళ్ళీ రాజుకుంది. సీరియల్ ఆగదని, 2026 క్రిస్మస్‌కి ప్రధాన రచయిత రస్సెల్ టి డేవిస్ ఒక ప్రత్యేక ఎపిసోడ్ రాస్తాడని బీబీసీ ప్రకటించింది. అయినా ఎవరికీ టెన్షన్ తగ్గలేదు. అంతకుముందు మే నెలాఖరులో డాక్టర్‌గా నటించిన షూటి గాట్వా వెళ్ళిపోతూ, కథలో నటి బిల్లీ పైపర్‌గా మారిపోయాడు. ఆమె కొత్త డాక్టరా కాదా అన్నది తేల్చకుండానే కథ ఆపేశారు. అభిమానుల చేతికిచ్చి పాడుచేశారని ఒక వర్గం, అభిమానులే లేకపోతే ఇది ఎప్పుడో పోయేదని ఇంకో వర్గం.

1963లో మొదలవడం, కాలంలో ప్రయాణించే నీలం పోలీసు పెట్టె, శత్రువులైన డాలెక్‌లు, చావు దగ్గరకొస్తే రూపం మార్చుకునే హీరో... ఇవన్నీ చాలామందికి తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1985 ఫిబ్రవరి.

తర్వాతి సీజన్‌ను వాయిదా వేస్తున్నామని బీబీసీ ఆ నెలలో చెప్పింది. ఆ విరామం 18 నెలలు సాగింది. నిర్ణయం బీబీసీ వన్ కంట్రోలర్ మైకేల్ గ్రేడ్‌ది. పైకి చెప్పిన కారణం డబ్బు. హింస ఎక్కువైందని, సెట్లు నాసిగా ఉన్నాయని కూడా అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ సీరియల్ తనకు గిట్టదని గ్రేడ్ తర్వాత ఎప్పుడూ దాచుకోలేదు.

అభిమానులు మాత్రం ఊరుకోలేదు. వాళ్ళలో ముందున్నవాడు ఇయాన్ లెవిన్, వృత్తిరీత్యా సంగీత నిర్మాత. 1970ల చివర్లో బీబీసీ పాత ఎపిసోడ్ల ఫిల్ములు పారేస్తుంటే అడ్డుపడినవాళ్ళలో ఒకడు. తర్వాత నిర్మాత జాన్ నేథన్-టర్నర్‌కి, పాత కథల లెక్క తప్పకుండా చూసే అనధికార సలహాదారు కూడా అయ్యాడు. విరామం వార్త రాగానే నటులను పోగేసి, క్యాన్సర్ బాధితుల సాయం కోసమంటూ ఒక నిరసన పాట రికార్డు చేయించాడు. దానికి సింథసైజర్ వాయించినవాళ్ళలో హాన్స్ జిమ్మర్ ఉన్నాడంటే నమ్మడం కష్టం. పాట మరీ ఘోరం. అది పెద్ద అభిమానులు కూడా ఒప్పుకునే మాట.

1986 సెప్టెంబరులో డాక్టర్ తిరిగొచ్చాడు, బాగా చిక్కి. ముందు సీజన్‌లో 45 నిమిషాల ఎపిసోడ్లు 13 ఉంటే, ఇప్పుడు 25 నిమిషాలవి 14. డిసెంబరులో బీబీసీ పగటి చర్చా కార్యక్రమంలో కొందరు కుర్ర అభిమానులు కూర్చుని ఆ సీజన్ స్క్రిప్టులను ఏకిపారేశారు. కొన్ని ఎపిసోడ్లు రాసిన పిప్, జేన్ బేకర్ దంపతులు అదే కార్యక్రమంలో ఉన్నారు. ఏకినవాళ్ళలో ఒకడు పదహారేళ్ళ క్రిస్ చిబ్నల్. నా లెక్కలో ఇప్పటి కథంతా ఆ కాసేపట్లోనే ఉంది. సీరియల్ ఎలా ఉండాలో మాకు తెలుసు అని అభిమాని రచయితకు ఎదురుగా చెప్పేశాడు.

1989 డిసెంబరులో సీరియల్ ఆగిపోయింది. తెర ఖాళీ కావడంతో అభిమానులు నవలలు రాశారు, ఆడియో నాటకాలు చేశారు. డేవిస్ కూడా 1996లో ఒక డాక్టర్ హూ నవల రాశాడు. అభిమానిగా ఆడియో నాటకాలు చేసిన నికలస్ బ్రిగ్స్ గొంతే 2005 నుంచి డాలెక్‌లకు. ఆ ఏడాది డేవిస్ సీరియల్‌ను మళ్ళీ నిలబెట్టినప్పుడు బీబీసీ చైర్మన్ ఎవరనుకున్నారు? మైకేల్ గ్రేడే. తర్వాత పగ్గాలు పట్టిన స్టీవెన్ మోఫాట్ అభిమాని. డాక్టర్‌గా నటించిన పీటర్ కపాల్డీ కుర్రతనంలో పత్రికకు ఉత్తరాలు రాసిన అభిమాని. అభిమానులే దర్శకులై తమ హీరోతో సినిమా తీయడం మన దగ్గరా మామూలే, కానీ ఇరవై ఏళ్ళుగా ఒకే సీరియల్ వాళ్ళ చేతుల్లోనే తిరగడం వేరు.

2018లో వంతు చిబ్నల్‌ది. 2020లో డాక్టర్ పుట్టుకనే మార్చేస్తూ, మొదటివాడనుకున్న డాక్టర్‌కు ముందే ఎన్నో రూపాలున్నాయని రాశాడు. 1986లో తను అన్నట్టే, కొత్త తరం కుర్రాళ్ళు ఆయన్ను అన్నారు. ఆ పాత క్లిప్పు వెతికి తీసి మరీ!

అభిమానులు పాడుచేశారు అనేవాళ్ళు చూపించేది ఆ క్లిప్పే. వాళ్ళు పెద్దగా ఎత్తని సంగతి ఒకటుంది. 1960ల ఎపిసోడ్ల టేపులను బీబీసీ చెరిపేసినా, పోయిన ప్రతి ఎపిసోడ్‌కూ శబ్దం మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో ఇళ్ళలో కొందరు పిల్లలు టీవీకి టేప్ రికార్డర్ తగిలించి దాన్ని పట్టుకున్నారు. 2006 నుంచి ఆ కథలకు బొమ్మలు గీయించి బీబీసీ డీవీడీలు అమ్ముతోంది. వాటిలో వినిపించే గొంతులు ఆ పిల్లల టేపుల్లోంచి వచ్చినవే.