డచ్ రైతులు కెనడాకు ఎందుకొచ్చారంటే: మనవలకు ఉత్తరం

చిరంజీవులు మనవలకు, మనవరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు.

టొరంటోకి ఉత్తరాన, బ్రాడ్‌ఫర్డ్ పక్కన హాలండ్ మార్ష్ అని నల్లటి కూరగాయల నేల ఉందని, అక్కడ మొదట సాగు చేసినవాళ్ళలో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన డచ్ వాళ్ళు చాలామంది అని ఫోన్‌లో చెప్పాను కదా. "నెదర్లాండ్స్ బాగా డబ్బున్న దేశం కదా అమ్మమ్మా, అక్కడి రైతులు ఇంకో దేశానికి కూలికెందుకు పోతారు?" అన్నారు. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

మనకు డచ్ వాళ్ళంటే మచిలీపట్నంలోనూ భీమిలిలోనూ ఉన్న పాత సమాధులే గుర్తొస్తాయి. వాళ్ళు బట్టల వ్యాపారానికి ఓడలేసుకొచ్చిన కంపెనీ మనుషులు. నేను చెప్పేది ఆవుల్ని మేపి, దుంపలు తవ్వి బతికినవాళ్ళ గురించి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కెనడా వచ్చిన ఇలాంటి కుటుంబాల కథలు చాలా విన్నాను, చదివాను. ఊళ్ళు వేరైనా దాదాపు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. అందుకని ఎవరి పేరూ పెట్టకుండా 'ఆ రైతు' అనే అంటాను.

ఆ రైతు దేశం మన తెలంగాణలో సగం కూడా ఉండదు. అందులోనూ కొంత భాగం సముద్రానికి కట్టలు కట్టి, నీళ్ళు తోడి సంపాదించుకున్న నేల. 1940 మేలో జర్మనీ దాన్ని ఆక్రమించింది, 1945 మే దాకా వదల్లేదు. ఆఖరి చలికాలంలో పట్నాల్లో తిండి లేక జనం తులిప్ గడ్డలు, షుగర్ బీట్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. అప్పుడు ఆకలికి చచ్చిపోయినవాళ్ళు సుమారు 20,000 మంది. వాల్హెరెన్ అనే చోట 1944 అక్టోబరులో మిత్రదేశాల విమానాలే సముద్రపు కట్టల మీద బాంబులు వేశాయి, జర్మన్లను వెళ్ళగొట్టడానికి. యుద్ధం నెగ్గారు గానీ, పొలాల్లోకి ఉప్పునీళ్ళొచ్చాయి. తుఫాను ఉప్పెన పోయాక చేలు ఎలా ఉంటాయో దివిసీమ వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

అయితే యుద్ధం ఒక్కటే కారణం కాదు. పెద్ద కారణం మనకు బాగా తెలిసిందే: ఉన్న పొలం తక్కువ, కొడుకులు ఎక్కువ. ఆరుగురు మగపిల్లలుంటే ఆ కొద్ది ఎకరాలూ ఒక్కడికి ఇవ్వాలి, లేదా ఎవరికీ గిట్టకుండా ముక్కలు చెయ్యాలి. కొత్తగా కౌలుకు పొలం దొరకడం కూడా గగనమే. దేశ జనాభా కోటికి చేరింది. 1950 కొత్త సంవత్సరం రోజున ప్రధాని విల్లెమ్ డ్రేస్ రేడియోలో మాట్లాడుతూ, మనలో కొందరు ధైర్యం చేసి బయటి దేశాల్లో బతుకు వెతుక్కోవాలన్నాడు. ప్రధానే పొమ్మంటున్నాడంటే పరిస్థితి ఎలా ఉందో చూడండి.

కెనడాకు రైతుకూలీలు కావాలి. నెదర్లాండ్స్‌ను విడిపించిన సైన్యంలో కెనడా వాళ్ళు చాలామంది, ఆ అభిమానం రెండువైపులా ఉంది. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకున్నాయి. 1947 జూన్‌లో వాటర్‌మాన్ అనే ఓడ వెయ్యిమందికి పైగా డచ్ వాళ్ళను మాంట్రియల్‌లో దింపింది. ఆ తర్వాత పాతికేళ్ళలో లక్షన్నరకు పైగా వచ్చారు. ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. డచ్ వాళ్ళకు ఇలా తలుపులు బార్లా తీసిన ఆ రోజుల్లోనే, 1951లో, మన దేశంతో కెనడా చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏడాదికి 150 మంది భారతీయులకే చోటు. డచ్ వాళ్ళు పడ్డ కష్టాన్ని తక్కువ చెయ్యను, కానీ ఈ లెక్క కూడా మీకు తెలియాలి.

ఇక ప్రయాణం. యుద్ధం దెబ్బకు దేశంలో డాలర్లు లేవు గనుక, వెళ్ళేవాళ్ళు ఎక్కువ డబ్బు వెంట తీసుకుపోకూడదని డచ్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఆవులు, సామాను అమ్ముకున్న సొమ్ము చేతిలో ఉన్నా బయటికి తీసుకుపోలేని పరిస్థితి. అందుకని ఆ డబ్బంతా వస్తువుల్లో పెట్టారు. చిన్న గదంత చెక్కపెట్టె చేయించేవారు, దాన్ని వాళ్ళు 'కిస్ట్' అంటారు. అందులో మంచాలు, ఉన్ని దుప్పట్లు, కుట్టుమిషను, సైకిళ్ళు, పింగాణీ పళ్ళేలు, పిల్లలకు రాబోయే మూడు నాలుగేళ్ళకు సరిపోయేలా సైజు సైజుకీ బూట్లు. పళ్ళేలు పగలకుండా దుప్పట్ల మడతల్లో పెట్టేవారు. కెనడా చేరాక ఆ పెట్టెను కూడా పారెయ్యలేదు. కోళ్ళ గూడుగా వాడినవాళ్ళున్నారు, ఇల్లు చాలక పెద్దపిల్లల్ని అందులో పడుకోబెట్టినవాళ్ళూ ఉన్నారు.

వచ్చిన రైతు నేరుగా రైతు కాలేదు. కెనడా రైతు ఒకరు 'నేను పని ఇస్తాను, ఇల్లు ఇస్తాను' అని ముందే ఒప్పుకోవాలి, వచ్చినవాడు ఏడాదిపాటు ఆయన దగ్గర జీతానికి ఉండాలి. పెళ్ళాం పిల్లలున్నవాడికి నెలకు 75 డాలర్ల ప్రాంతంలో ఇచ్చేవారు. తన ఊళ్ళో తన చేతికింద మనుషుల్ని పెట్టుకున్నవాడు ఇక్కడికొచ్చి పాలేరయ్యాడు, అదీ భాష రాకుండా. కొందరు యజమానులు మంచివాళ్ళు, ఇంటికి పాలు, బంగాళాదుంపలు పంపేవాళ్ళు. కొందరు ఇచ్చిన 'ఇల్లు' కరెంటు, నీళ్ళు లేని పాడుబడ్డ కొంప. ఇటుక ఇంట్లో నేల తళతళలాడేలా కడుక్కుని బతికిన ఇల్లాలు, చెక్కల సందుల్లోంచి మంచు రాలే గదిలో పసిపిల్లల్ని పెట్టుకుని మొదటి చలికాలం గడిపింది. మొగుడికి పొలంలో నాలుగు మాటలు వినపడతాయి, పిల్లలు బడిలో నేర్చుకుంటారు. ఆవిడకు మాత్రం పక్కింటి మనిషి అంటే మైలు దూరం.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో నైరుతి మూల చాథమ్ వైపు వెళ్ళినవాళ్ళకు షుగర్ బీట్ పని దొరికేది. అది నెలజీతం కాదు, ఎకరాకు ఇంతని గుత్త. బీట్ విత్తనం ఒక్కోటి ఒక గుంపుగా మొలుస్తుంది. ఒక్క మొక్కను ఉంచి తక్కినవి పీకెయ్యాలి, లేకపోతే దుంప ఊరదు. పొట్టి పార పట్టుకుని సాలు వెంబడి వంగి వంగి నడవాలి, లేకపోతే మోకాళ్ళ మీద పాకాలి. తండ్రి ముందు సాలు, తల్లి పక్క సాలు, ఎనిమిదేళ్ళవాళ్ళు వెనకాల మిగిలినవి పీకుతూ. పాలు తాగే బిడ్డ గట్టు మీద బుట్టలో. గుత్త గనుక ఎన్ని చేతులు పడితే అంత డబ్బు.

వీళ్ళ కథల్లో నాకు కాస్త కోపం తెప్పించేది ఇక్కడే ఉంది. ఎక్కడ చదివినా 'ఖాళీ చేతులతో వచ్చి అయిదారేళ్ళలో సొంత పొలం కొన్న తండ్రి' అనే ఉంటుంది. తండ్రి జీతంతో పొలం రాలేదర్రా. పద్నాలుగు పదిహేనేళ్ళకే బడి మానేసిన పెద్ద కొడుకు ఫ్యాక్టరీకి వెళ్ళాడు, పెద్ద కూతురు ఎవరింట్లోనో అంట్లు తోమింది. జీతం కవరు చింపకుండా తెచ్చి అమ్మ చేతిలో పెట్టడం ఆ ఇళ్ళల్లో ఆనవాయితీ, పెళ్ళయ్యేదాకానో ఇరవై ఒకటి నిండేదాకానో. ఆ కవర్లే పొలానికి బయానా. చిన్నపిల్లలు కాలేజీలకెళ్ళారు, టీచర్లు, డాక్టర్లు అయ్యారు. పెద్దపిల్లలకు ఆ చదువు మళ్ళీ దొరకలేదు. మన ఇళ్ళల్లోనూ తమ్ముళ్ళ చదువుకు ఆగిపోయిన అక్కలు లేరా? మీ పెద్దమ్మమ్మను అడగండి, చెబుతుంది.

వాళ్ళను నిలబెట్టిన ఇంకో సంగతి, ఒకరికొకరు ఆసరాగా ఉండడం. చర్చి తరఫున తిరిగే మనుషులు యజమానిని వెతికిపెట్టేవారు, స్టేషనుకొచ్చి దింపుకునేవారు, యజమాని మంచివాడు కాకపోతే ఇంకోచోట చూసేవారు. బ్యాంకులు అప్పివ్వకపోతే తలా పది డాలర్లు వేసుకుని పరపతి సంఘాలు పెట్టుకున్నారు. ఒంటారియోలోని లండన్ పట్నంలో 1950ల మొదట్లో డచ్ కేథలిక్కులు అలా మొదలుపెట్టిన సంఘం ఈనాటికీ లిబ్రో అనే పేరుతో నడుస్తోంది. కేథలిక్కులూ, కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్లూ ఇక్కడికొచ్చినా పెద్దగా కలవలేదు, అది వేరే పురాణం.

ఇప్పుడు హాలండ్ మార్ష్‌కు వద్దాం. అది యుద్ధానికి ముందే మొదలైంది. ప్రొఫెసర్ విలియం డే అనే ఆయన ఆ చిత్తడికి చుట్టూ కట్ట, కాలువ తవ్వించి, పంపులతో నీళ్ళు తోడించి 1930 నాటికి నేల తేల్చాడు. 1934లో కొన్ని డచ్ కుటుంబాలు తలా అయిదెకరాల చొప్పున దిగి ఆన్స్‌నోర్‌వెల్ట్ అనే ఊరు కట్టుకున్నాయి. ఉల్లి, క్యారెట్, సెలెరీ, లెట్యూస్. ఆ మట్టి కుళ్ళిన ఆకుల మట్టి, ఆరితే బూడిదలా గాలికి లేచి కళ్ళల్లో పడుతుంది. నీటిమట్టం కన్నా కింద ఉన్న నేల దున్నడం ఎలాగో పుట్టుకతో తెలిసిన మనుషులు గనుక అక్కడ నిలిచారు.

1954 అక్టోబరు 15 రాత్రి హేజెల్ తుఫాను వచ్చింది. కట్టలు తెగి మార్ష్ అంతా నీట మునిగింది. ఒక డచ్ కుటుంబం ఇల్లు పునాది మీంచి లేచి, లోపల మనుషులుండగానే చీకట్లో తేలుతూ పోయింది. వాళ్ళు బతికారు. గోదాముల్లో పోసిన ఉల్లి, క్యారెట్ మాత్రం కుళ్ళిపోయాయి. వారాల తరబడి పంపులు పెట్టి తోడారు, వసంతంలో మళ్ళీ విత్తారు. ఇందులో కొన్ని కుటుంబాలు అంతకు ముందే, 1953 ఫిబ్రవరిలో, స్వదేశంలో 1,836 మందిని మింగిన సముద్రపు ఉప్పెన వార్త విని చుట్టాల కోసం అల్లాడినవాళ్ళే.

ఇప్పుడు మార్ష్‌లో ఆ తరం మనవలు ట్రాక్టర్ల మీద ఉంటారు. వంగి చేసే పని మెక్సికో నుంచి, జమైకా నుంచి సీజనుకు వచ్చేవాళ్ళు చేస్తారు. 1966లో జమైకాతో మొదలైన పద్ధతి అది. వాళ్ళూ ఒక యజమాని పేరు మీదే వస్తారు, ఆయన ఇచ్చిన చోటే ఉంటారు. కానీ డచ్ రైతు పెళ్ళాం పిల్లలతో వచ్చాడు, ఏడాది గడిచాక సొంత దారి చూసుకున్నాడు. వీళ్ళు ఇంటివాళ్ళను ఊళ్ళోనే వదిలి రావాలి, ఏడాదిలో ఎనిమిది నెలలు దాటకుండా తిరిగి వెళ్ళాలి. ఇరవై ఏళ్ళుగా అదే పొలానికి వస్తున్నా అదే లెక్క.

ఇంకేమైనా అడగాలంటే జవాబులో రాయండి. మీ అమ్మను ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమనండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ