తిరుపతి కొండల్లో ట్రెక్కింగ్ క్యాబిన్: అపోహలు – వాస్తవాలు

ముందుగా ఒక్క మాట. 1989లో శేషాచలంలో జాతీయ పార్కుగా ప్రకటించిన భాగంలో గానీ, చుట్టూ ఉన్న రిజర్వు ఫారెస్టులో గానీ ప్రైవేటువాళ్లు ఒక్క ఇటుక పెట్టడానికి వీల్లేదు. కాబట్టి కింద రాసింది అడవి అంచున పట్టా భూమి ఉన్నవాళ్లకు, అటవీశాఖ పనులు చేసే కాంట్రాక్టర్లకు. లెక్కల కోసం 10 అడుగులకు 12 అడుగుల గది, నలుగురు పడుకునేది, అనుకుందాం.

అపోహ: కొండమీద క్యాబిన్ అంటే నేలదాకా దిగే నిటారు కప్పు ఉండాలి.

ఆ ఆకారం మంచు జారిపోవడానికి పుట్టింది. మనకు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలివాన. నిటారు కప్పు దానికి తెరచాపలా ఎదురు నిలుస్తుంది. అలాగని 10 డిగ్రీల లోపు చదును చేస్తే గాలి పైనుంచి పీల్చేస్తుంది. 22 నుంచి 30 డిగ్రీల వాలుతో, నాలుగు వైపులా దిగే కప్పు మేలు. చూరు గోడ దాటి అడుగున్నరకు మించొద్దు. వరండా కప్పును విడిగా కట్టండి. ఎగిరితే అదొక్కటే ఎగరాలి, ఇంటికప్పును వెంటబెట్టుకుని పోకూడదు.

తలుపూ అంతే. మంచు దేశాల్లో బయట మంచు పేరుకుంటుందని లోపలికి తెరుస్తారు. ఇక్కడ బయటికి తెరుచుకోవాలి. గాలి నెట్టినా ఎలుగు నెట్టినా రెక్క చట్రానికే బిగుసుకుంటుంది.

అపోహ: రేకుల మీద నాలుగు బండరాళ్లు పెడితే ఎగరవు.

లెక్క చూడండి. గంటకు 140 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 90 కిలోల ఒత్తిడి చూపుతుంది. చూరుతో కలిపి మన కప్పు 13 అడుగులకు 15, అంటే 18 చదరపు మీటర్లు. పైకి లాగే బలం సుమారు 1,600 కిలోలు, మూలల్లో ఇంకా ఎక్కువ. అర మిల్లీమీటరు రేకులన్నీ కలిపినా బరువు 80 కిలోలే. బండరాళ్లు ఎక్కడ సరిపోతాయి? పైగా గాలికి దొర్లి పడుకున్నవాళ్ల మీద పడతాయి.

కప్పును నేలదాకా గొలుసులా పట్టి ఉంచాలి. రేకును వాసాల మీది అడ్డపట్టీలకు సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలతో బిగించాలి. అంచుల్లో, మూలల్లో ప్రతి మడతకూ ఒక స్క్రూ, మధ్యలో మడత విడిచి మడతకు. స్క్రూ కింద రబ్బరు వాషరు ఇనుప టోపీ అంచుకు సమంగా రాగానే ఆపేయాలి. రబ్బరు పక్కలకు పొంగిందంటే ఎక్కువ బిగించినట్టే. రెండు ఎండాకాలాలకు అది పగిలి, అక్కడే కారుతుంది. వాసాన్ని గోడ చట్రానికి మేకులతో కొట్టొద్దు, గాలి నిలువునా పీకేస్తుంది. 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ వేసి రెండువైపులా రెండేసి బోల్టులు పెట్టాలి.

గొలుసు చివర బరువుండాలి. రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు కాంక్రీటు దిమ్మె సుమారు 680 కిలోలు. ఆరు దిమ్మెలకు 4 టన్నులు. సిమెంటు 11 బస్తాలు, ఇసుక 27 ఘనపుటడుగులు, కంకర 54. దారి లేని చోటికి ఇదంతా నెత్తిన మోయాల్సిందే. అందుకే బండ కనిపిస్తే వదలొద్దు. సుత్తితో కొట్టి చూడండి. డొల్లగా మోగితే పైపొర పెళుసు, చెక్కేయాలి. ఖంగుమన్నచోట 25 మిల్లీమీటర్ల రంధ్రం అడుగున్నర లోతుకు వేసి, 16 మిల్లీమీటర్ల ఊచ దించి గ్రౌట్ (సందులోకి జారే పలచని సిమెంటు ముద్ద) పోయాలి. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే: రంధ్రంలోని రాతిపొడి ఊదేయకుండా గ్రౌట్ పోస్తారు. అది బండకు కాదు, పొడికి అంటుకుంటుంది. ఊచ చేత్తో లాగితే కదలదు గానీ, తుపాను లాగితే వచ్చేస్తుంది.

అపోహ: గాలివానలో కిటికీలు తెరిచి ఉంచితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది.

జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఎదురుగాలి వైపు ఒక్క కిటికీ తెరిచినా గాలి లోపల చేరి కప్పును కిందినుంచి ఎత్తుతుంది, పైనుంచి పీల్పు ఎలాగూ ఉంది. గట్టి రెక్కలు వేసి మూసేయండి. పెద్ద అద్దాలు ఫొటోకే బాగుంటాయి. కోతులు ఉన్నచోట ఫొటోకు కూడా ఎక్కువకాలం మిగలవు.

అపోహ: రాతిగోడ ఎంత మందమైతే అంత చల్లన.

పగలు నిజమే. కానీ ట్రెక్కింగుకు వచ్చినవాళ్లు పగలు గదిలో ఎందుకుంటారు? 18 అంగుళాల పడమటి గోడ మే నెల సాయంత్రపు ఎండ తాగి, అర్ధరాత్రి దాటాక, సరిగ్గా నిద్రపట్టే వేళకు, ఆ వేడిని లోపలికి వదులుతుంది. రాయి మూడడుగుల ఎత్తు వరకే చాలు. వాన చిందుకూ చెదలకూ అదే అడ్డు. ఆపైన ఇనుప చట్రానికి సిమెంటు బోర్డు లాంటి పలచని గోడ వేస్తే పొద్దుగూకగానే చల్లారుతుంది. కప్పు కింద ఆరంగుళాల ఖాళీ వదిలి రెండో పొర వేసి, ఆ ఖాళీలో గాలి ఆడనివ్వాలి. ఖాళీ రెండు చివర్లా సన్నని ఇనుప జాలీ తప్పనిసరి, అడవి మంటల నిప్పురవ్వలు, పాములు రాకుండా. సుమారు 4,000 అడుగుల ఎత్తున్న హార్సిలీ హిల్స్ సంగతి వేరు, అక్కడి రాత్రి చలికి రాతిగోడ వదిలే వేడి పనికొస్తుంది.

బోదగడ్డి కప్పు చల్లనే, ఒప్పుకుంటాం. ఏప్రిల్‌లో గుట్టకు మంట అంటుకుంటే మొదట పోయేది అదే.

అపోహ: గుంజలకు తారు పూస్తే చెద పట్టదు.

చెద బయటినుంచే రావాలని లేదు, గుంజ అడుగునుంచీ ఎక్కుతుంది. తారు లోపలి తేమను బంధించి పని సులువు చేస్తుంది. చేవ లేని కర్ర ఎలాగూ నిలవదు. నేల తాకేచోట చిత్తూరు వైపు దొరికే రాతి కూసాలే వాడండి. కర్ర నేలకు అడుగున్నర పైనుంచే మొదలవ్వాలి. (చేవ అంటే ఎర్రచందనమే గదా అని ఎవరైనా సలహా ఇస్తే, అతన్ని పనిలోంచి తీసేయండి.)

అపోహ: వంక పక్కనైతే నీళ్లకు ఇబ్బంది ఉండదు.

ఈ బండల కొండలు నీళ్లను పెద్దగా ఇంకనివ్వవు. 100 మిల్లీమీటర్ల వాన పడితే మన కప్పు మీదే 1,800 లీటర్లు వస్తాయి, కొండంతా దిగే నీళ్లు ఊహించుకోండి. 2021 నవంబరు వానలు తిరుపతిలో అందరికీ గుర్తే. వంక గట్టున పొదల్లో చిక్కుకున్న ఎండు చెత్త ఏ ఎత్తున ఉందో చూసి, దానికి కనీసం ఆరడుగుల పైన నేల వేయండి. తాగునీళ్లు కప్పు మీదివే తొట్టిలోకి పట్టుకోవచ్చు.

పైకి కూడా తలెత్తి చూడాలి. 2021 డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి. మీ చోటికి పైనున్న కొండచరియలో పాచి పట్టని కొత్తరంగు మచ్చలుంటే, కింద అదే రంగు రాళ్లు పడి ఉంటే, ఆ చరియ ఇంకా విరుగుతోందని అర్థం. పాత రాళ్ల మీద పాచి నల్లగా, బూడిదరంగులో పట్టేసి ఉంటుంది. అన్నీ అలాంటివే ఉన్నచోట ముగ్గు వేయండి.