సెరంపూర్ కళాశాల: మన సంఘాల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

చాలా ఏళ్లుగా వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చెబుతున్నాను. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారం పుస్తకం తెరవను. "సెరంపూర్ గురించి మీకు తెలిసింది చెప్పండి" అని అడుగుతాను. బెంగాల్‌లోని ఆ ఊళ్లో ఉన్న కళాశాల పేరే రేపు వాళ్ల పట్టా మీద ఉండబోయేది. అయినా వచ్చే జవాబుల్లో చాలావరకు తప్పులే. అందులో పిల్లల తప్పేం లేదు, పెద్దల నోట విన్నదే వాళ్లూ చెబుతారు. తరచుగా వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సెరంపూర్ బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అంటే వేదాంత పట్టా) అంటే బెంగాల్ వెళ్లి చదివిన డిగ్రీ.

"పాస్టర్ గారు సెరంపూర్‌లో చదువుకున్నారు" అని సభల్లో మైకులో చెప్పడం మామూలే. ఆయన చదివింది హైదరాబాద్‌లోనో కాకినాడలోనో అయి ఉంటుంది. పట్టా ఇచ్చేది సెరంపూర్ కళాశాల సెనేట్ (పరీక్షలు, పట్టాలు చూసే మండలి), చదువు చెప్పేది దానికి అనుబంధంగా ఉన్న కళాశాల. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ అలాంటిదే.

సెనేట్ పరీక్ష రోజు సీలు కవరు విప్పి ప్రశ్నపత్రాలు పంచుతుంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఒకే వరసలో లూథరన్ అబ్బాయి, పక్కన బాప్తిస్టు అమ్మాయి, వెనక సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) నుంచి వచ్చిన నడివయసు ఉపదేశి. అందరి ముందూ ఒకటే పేపరు.

అపోహ: బాప్తిస్టులు పెట్టారు కాబట్టి అది బాప్తిస్టుల కోసమే.

పెట్టింది బాప్తిస్టులే. 1818లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ ముగ్గురూ కలిసి మొదలుపెట్టారు. కానీ ఎవరి కోసం పెట్టారన్నది వాళ్ల కాగితాల్లోనే ఉంది. తొలి ప్రకటనలోనే ఆసియా యువకులు, క్రైస్తవులు, ఇతరులు అందరికీ తూర్పుదేశాల సాహిత్యం, యూరప్ విజ్ఞానశాస్త్రం నేర్పే కళాశాల అని రాసుకున్నారు. మొదటి బ్యాచ్‌లో 37 మంది చేరితే, అందులో క్రైస్తవ కుటుంబాల వాళ్లు 19 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది హిందువులు.

1833 నాటి కళాశాల నియమావళి ఇంకా స్పష్టంగా ఉంటుంది. కులం, రంగు, దేశం ఏదీ ప్రవేశానికి అడ్డు కాకూడదన్నారు. ప్రొటెస్టెంటు, రోమన్ కాథలిక్, గ్రీకు, ఆర్మీనియన్ సంఘాలన్నిటి నుంచీ విద్యార్థులు రావచ్చన్నారు. హిందూ, ముస్లిం యువకులు హాస్టల్లో ఉండటం వాళ్ల ఆచారాలకు కుదరకపోతే బయట ఉండి చదువుకోవచ్చన్నారు. ఎవరి చేతా ప్రమాణాలు చేయించకూడదని కూడా రాశారు.

ఇది ఎంత పెద్ద విషయమో ఇంగ్లండ్ సంగతి తెలిస్తే అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటే ఇంగ్లండ్ ప్రభుత్వ సంఘం (ఆంగ్లికన్ చర్చి) విశ్వాస సూత్రాల మీద సంతకం పెట్టాలి. కేంబ్రిడ్జిలో ఆ ఒప్పుకోలు లేకుండా డిగ్రీ ఇచ్చేవారు కాదు. బాప్తిస్టు బిడ్డలు ఆ గడప బయటే ఆగిపోయేవారు. తలుపు మూసేస్తే ఎలా ఉంటుందో స్వయంగా చూసినవాళ్లు కాబట్టే తమ తలుపు తెరిచి పెట్టారని నేను నమ్ముతాను. అయితే ఒక్క షరతు ఉంది. బోధించేవాళ్లు క్రీస్తు దైవత్వాన్ని, ఆయన ప్రాయశ్చిత్తాన్ని నమ్మాలి. ఈ రెండూ కలిపి చూస్తేనే ఆ కళాశాల ఉద్దేశం సరిగ్గా తెలుస్తుంది. చెప్పేవాళ్లకు గట్టి విశ్వాసం ఉండాలి, నేర్చుకునేవాళ్ల మీద మాత్రం బలవంతం ఉండకూడదు.

అపోహ: దొరల ప్రభుత్వం డబ్బుతో కట్టిన కాలేజీ.

ఈస్టిండియా కంపెనీకి అప్పట్లో మిషనరీలంటేనే గిట్టదు. అందుకే వీళ్లు డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న సెరంపూర్‌లో తలదాచుకున్నారు. కలకత్తాకు కాస్త ఎగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఎదురు ఒడ్డున బారక్‌పూర్, అక్కడ కంపెనీ సైన్యం. మధ్యలో ఒక్క నది. ఆ నదే వీళ్లకు రక్షణ.

ఇక డబ్బు సంగతి. కలకత్తాలో కంపెనీ ఉద్యోగులకు చదువు చెప్పే ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పి కేరీ తెచ్చిన జీతం, మార్ష్‌మన్ దంపతుల బోర్డింగ్ స్కూళ్ల ఆదాయం, వార్డ్ చూసుకున్న ప్రెస్సు రాబడి అన్నీ ఒకే పెట్టెలో పడేవి. కళాశాలకు పునాది ఆ పెట్టే. ఇక్కడ హన్నా మార్ష్‌మన్ గారి పేరు తప్పక చెప్పాలి. ఆ స్కూళ్లు నడవకపోతే ఆ పెట్టె నిండేది కాదు. మన పాఠాల్లో ఆమెకు ఒక్క పేరా కూడా దక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: బైబిలు తప్ప ఇంకేమీ చెప్పేవారు కాదు.

సంస్కృతం చెప్పారు, ఖగోళం చెప్పారు, వృక్షశాస్త్రం చెప్పారు. 1821లో వచ్చిన జాన్ మ్యాక్ రసాయనశాస్త్రం బోధించి, 1834లో ఆ పాఠాలను బెంగాలీలో పుస్తకంగా తెచ్చారు. కేరీ అయితే ఐదెకరాల తోట పెంచి మొక్కల మీద పరిశోధన చేసిన మనిషి.

ఈ చదువు మీద అభ్యంతరం బయటివాళ్ల నుంచి కాదు, సొంత విశ్వాసుల నుంచే వచ్చింది. వార్డ్ అమెరికా వెళ్లి చందాలు అడిగితే, కొందరు దాతలు తమ డబ్బు సైన్స్ చెప్పడానికి వాడకూడదని మెలిక పెట్టారు. సెరంపూర్ నుంచి గట్టి జవాబే వెళ్లింది. మీ దేశంలో సేవకుల్ని సైన్స్ తెలియకుండానే తయారు చేస్తున్నారా, అని దాని సారాంశం. "పాస్టరుకి ఈ చదువులన్నీ ఎందుకండీ" అని ఇప్పటికీ అడిగే పెద్దలకు నేను చెప్పే మొదటి సంగతి ఇదే.

అపోహ: దానికీ తెలుగుకీ సంబంధం లేదు.

కళాశాల కంటే ముందు ప్రెస్సు ఉంది. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు తెలుగు చేసిన సువార్తలు అచ్చయింది అక్కడే. 1812 మార్చి 11 సాయంత్రం ఆ ప్రెస్సు అంటుకుంది. తెల్లారి బూడిద తవ్వితే అచ్చు అక్షరాల సీసం ముద్దలు ముద్దలుగా కరిగిపోయి ఉంది. కానీ అక్షరాలు పోతపోయడానికి కావాల్సిన ఉక్కు పంచ్‌లు చెక్కుచెదరలేదు. వాటితోనే మళ్లీ పోత మొదలుపెట్టారు.

ఆ మంటల్లో పోయిన రాతప్రతుల్లో కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ఒకటి. ఆయన మళ్లీ కూర్చుని రాశారు. 1814లో అచ్చయింది. తెలుగు కొత్త నిబంధన 1818లో, అంటే కళాశాల మొదలైన ఏడాదే, అదే ప్రెస్సు నుంచి వచ్చింది. క్లాసులో ఈ పాఠం దగ్గర నేను కాసేపు ఆగుతాను. పరాయి భాష వ్యాకరణాన్ని రెండోసారి మొదటి పేజీ నుంచి రాయడం అంటే మాటలు కాదు.

అపోహ: 1827 నుంచి ఆగకుండా డిగ్రీలు ఇస్తూనే ఉంది.

మా వాళ్లు గర్వంగా చెప్పుకునే మాట ఇది. సగమే నిజం. డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ 1827 ఫిబ్రవరి 23న డిగ్రీలిచ్చే అధికారంతో చార్టర్ (రాజు ఇచ్చే అధికార పత్రం) ఇచ్చారు. కలకత్తా విశ్వవిద్యాలయం పుట్టడానికి సరిగ్గా 30 ఏళ్ల ముందు. కానీ అధికారం ఉండటం వేరు, వాడటం వేరు. 1823లో వార్డ్, 1834లో కేరీ, 1837లో మార్ష్‌మన్ కన్నుమూశారు. 1845లో డెన్మార్క్ ఆ ఊరిని కంపెనీకి అమ్మేసింది. అప్పటి ఒప్పందంలో కళాశాల హక్కులు కాపాడారు గానీ, వాటితో డిగ్రీలు ఇచ్చింది లేదు. 1857 తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయం కింద నడిచి, 1883లో ఆర్ట్స్ విభాగం మూతపడింది.

దాన్ని మళ్లీ నిలబెట్టింది ప్రిన్సిపాల్ జార్జ్ హోవెల్స్. 1911లో ఆర్ట్స్ తరగతులు తిరిగి మొదలయ్యాయి. 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇచ్చారు. చార్టర్ వచ్చిన 88 ఏళ్లకు! 1918లో బెంగాల్ శాసనమండలి చేసిన సెరంపూర్ కళాశాల చట్టంతో, బాప్తిస్టులతో పాటు ఇతర సంఘాల వాళ్లకూ చోటిచ్చే సెనేట్‌కు దారి పడింది. మా విద్యార్థుల పట్టా మీద ఉండేది ఆ సెనేట్ పేరే. ఆ హుగ్లీ ఒడ్డు కళాశాలలో ఇప్పుడు ఒకపక్క వేదాంత విద్యార్థులు చదువుతుంటే, ఇంకోపక్క కలకత్తా విశ్వవిద్యాలయం కింద ఆర్ట్స్, సైన్స్, కామర్స్ క్లాసులు జరుగుతున్నాయి. అక్కడ అన్ని మతాల పిల్లలూ చదువుకుంటున్నారు.