ఆదివారం రైలెక్కినవాళ్లు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. వానలు తగ్గాయి, పెరట్లో బీరపాదు బాగా కాస్తోంది.

మొన్న చిన్నది ఫోన్లో అడిగిన మాట రెండు ముక్కల్లో చెప్పేది కాదు గనక కాగితం మీద పెడుతున్నాను. మీ వీధిలోవాళ్లు ఆదివారం పొద్దున్నే వ్యాను మాట్లాడుకుని వెళ్తుంటే యాక్సిడెంటు అయింది. "ఆరాధన మానేసి షికార్లు తిరిగితే దేవుడు ఊరుకుంటాడా" అని ఎవరో పెద్దావిడ అందట. అది విన్నప్పటి నుంచి చిన్నదానికి నిద్ర పట్టడం లేదు. "నిజంగా దేవుడే చేశాడా తాతయ్యా?" అంది.

కాదు తల్లీ. కానే కాదు.

ఇదే మాట 1861లో ఇంగ్లాండులో కూడా అన్నారు. ఆగస్టు 25, ఆదివారం నాడు బ్రైటన్ నుంచి లండన్‌కు పోయే దారిలో, క్లేటన్ సొరంగంలో ఒక రైలు ఇంకో రైలును గుద్దింది. 23 మంది చనిపోయారు. ఆదివారం రైలెక్కినందుకే దేవుడు కొట్టాడని కొందరు భక్తిపరులు తేల్చేశారు. వారం తిరగ్గానే, సెప్టెంబరు 2న, కెంటిష్ టౌన్ దగ్గర మరో రైలు ప్రమాదంలో 16 మంది పోయారు. అది సోమవారం!

లండన్‌లో మెట్రోపాలిటన్ టాబర్నకిల్ అనే పెద్ద ప్రార్థన మందిరం ఆ మార్చిలోనే తెరిచారు. సుమారు ఐదువేల మంది కూర్చునే మందిరం. దాని పాస్టరు చార్లెస్ స్పర్జన్. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. సెప్టెంబరు 8 ఆదివారం ఆయన లూకా సువార్త 13వ అధ్యాయం తెరిచాడు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు ఊళ్లో అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసు ప్రభువు చెప్పిన చోటు అది. స్పర్జన్ ఆదివారాన్ని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. అయినా, రైలు ప్రమాదాన్ని ఆదివారపు ప్రయాణానికి శిక్ష అనడం అర్థం లేని మాట అని అందరి ముందూ చెప్పాడు. తీర్పుకు వేరే రోజుంది, ఈ లోకంలో తగిలే ప్రతి దెబ్బనూ తీర్పు అనుకోకండి అన్నాడు. పోయినవాళ్ల పాపాలు లెక్కపెట్టడం మాని, ఎవరి బతుకు వాళ్లు సరిచూసుకోమన్నాడు.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. నా చిన్నప్పుడు మా ఊళ్లో శెట్టిగారి కొట్టు ఉండేది. ఉప్పూ పప్పూ కిరసనాయిలూ అన్నీ ఖాతాలోనే. ఎర్ర అట్ట పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేవాడు. బాకీ వసూలు మాత్రం సంక్రాంతికి, ధాన్యం ఇంటికొచ్చాకే. ఈలోపు మొండి బాకీదారులు మీసం మెలేసి తిరిగేవాళ్లు. పైసా బాకీ లేనివాడి ఎద్దు చచ్చిపోయేది. ఎద్దు చచ్చింది గనక వాడు శెట్టికి బాకీ ఉంటాడని ఎవరన్నా అంటే ఊరంతా నవ్వేది. మరి దేవుడి దగ్గరకొచ్చేసరికి అదే మాట ఎలా అంటాం?

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది కొట్టుకుపోయారు. మిగిలినవాళ్లు కొందరు మా ఊరి బడిలో తలదాచుకున్నారు. అరుగు మీద ముసలివాళ్లు "ఏ పాపం చేసుకున్నారో" అంటుంటే మా నాయన లేచి లోపలికి వచ్చేశాడు. ఆ సాయంత్రం శెట్టిగారు బియ్యం బస్తా మూతి విప్పి బడి గుమ్మంలో పెట్టాడు. ఒకావిడ పేరు రాసుకోమంటే, పుస్తకం తేలేదమ్మా అన్నాడు. స్పర్జన్ బతుకంతా బోధించిన మాటకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. మన బాకీని సిలువ మీద ఇంకొకరు తీర్చారు, పుస్తకం మూసేశారు అన్నదే ఆయన సువార్త. ఆయన ఏ వాక్యం తీసుకున్నా చివరికి అక్కడికే వచ్చేవాడు.

ప్రమాదాల గురించి మాట్లాడే అర్హత ఆయనకు ఊరికే రాలేదు. 1856 అక్టోబరు 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ హాలులో ఆయన ప్రసంగానికి వేలమంది వచ్చారు. మధ్యలో ఎవరో "మంటలు!" అని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పుడాయనకు 22 ఏళ్లు. ఇంట్లో నెల నిండిన కవల పిల్లలు. కొన్నాళ్లు ప్రసంగం చేయలేకపోయాడు. పత్రికలు తిట్టిపోశాయి. తన మాట వినడానికి వచ్చినవాళ్లే అలా పోతే ఆ మనిషి లోపల ఎలా ఉంటుందో ఊహించండి.

ఒక చోట మాత్రం నాకు ఆయనతో పేచీ ఉంది. అది మన దేశం సంగతే. 1857 సిపాయిల తిరుగుబాటు కారణంగా ఇంగ్లాండులో ఉపవాస దినం ప్రకటించారు. అక్టోబరు 7న క్రిస్టల్ ప్యాలెస్‌లో, మైకు లేకుండా, 23,654 మంది ముందు స్పర్జన్ మాట్లాడాడు. ఆ తిరుగుబాటు ఇంగ్లాండు పాపాలకు దేవుడు ఎత్తిన బెత్తం అన్నాడు. తిరగబడ్డవాళ్లను కత్తితోనే శిక్షించాలన్నాడు. దేశాల సంగతి వేరని ఆయన నమ్మకం. నాకది మింగుడు పడదు. ఢిల్లీలో, కాన్పూరులో రెండు వైపులా చనిపోయిన పసిపిల్లలను ఏ దేశపు పాపం కింద రాస్తాం? సిలోయము మాట వాళ్లకూ వర్తించాలి కదా.

ఇక ఆ సొరంగంలో అసలేం జరిగిందో వినండి. ఐదేసి నిమిషాల ఎడం ఉండాల్సిన మూడు రైళ్లను బ్రైటన్‌లో ఏడు నిమిషాల్లో వదిలారు. మొదటి రైలు దాటాక సిగ్నలు తనంతట తానే ప్రమాదం గుర్తుకు తిరగాలి, తిరగలేదు. సొరంగం మొదట్లో ఉన్న సిగ్నల్‌మన్ హెన్రీ కిలిక్ పరుగున వచ్చి రెండో రైలుకు ఎర్రజెండా ఊపాడు. డ్రైవరు చూశాడు, కానీ బండి ఆగేసరికి సొరంగం లోపలికి వెళ్లిపోయింది. సంగతేమిటో కనుక్కుందామని వెనక్కి నడపసాగాడు. అవతలి కొసలో ఉన్న మనిషి మొదటి రైలును చూసి, సొరంగం ఖాళీ అని టెలిగ్రాఫు కొట్టాడు. కిలిక్ అది రెండో రైలు గురించి అనుకుని మూడో రైలుకు దారి ఇచ్చాడు. ఒక రోజు పూర్తి సెలవు దొరుకుతుందని ఆ ఆదివారం అతను 24 గంటల డ్యూటీ చేస్తున్నాడు.

దేవుడి శిక్ష అని చేతులు దులుపుకుంటే, ఆ మనిషి నిద్రపోయి ఎంతసేపైందని ఎవరూ అడగరు. అడిగారు గనకే, గడియారం చూసి రైళ్లు వదిలే పద్ధతి పోయి, ముందు రైలు ఆ భాగం దాటితే గాని వెనకదాన్ని పంపని పద్ధతి క్రమంగా వచ్చింది.

స్పర్జన్ ప్రసంగాలను షార్ట్‌హ్యాండులో రాసుకునేవాళ్లు. ఆయన సోమవారం దిద్దేవాడు. ఆ వారంలోనే అచ్చు, వెల ఒక పెన్నీ. 1892లో ఆయన పోయాక కూడా 1917 దాకా వారం వారం వస్తూనే ఉన్నాయి. అప్పుడైనా ఆగింది యుద్ధకాలంలో కాగితం కరువొచ్చే. రైలు ప్రమాదం ప్రసంగం అచ్చుకాపీ ఒకటి, ఆఫ్రికా అడవుల్లో తిరిగిన మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ దగ్గర దొరికింది. నలిగి రంగు మారిన ఆ కాగితం పైన ఆయన చేత్తో "చాలా బాగుంది" అని రాసి, పొడి అక్షరాలు పెట్టుకున్నాడు. ఇంటికి అంత దూరాన, జ్వరాలతో, తోడు నడిచినవాళ్లను పోగొట్టుకుంటూ తిరిగిన మనిషి ఆ ప్రసంగాన్నే ఎందుకు మోసుకెళ్లాడో నేను చెప్పక్కర్లేదు.

సెలవులకు రైల్లోనే రండి. స్టేషన్‌కు కాస్త ముందుగా వెళ్లి, నాన్న చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫాం కొసన నిలబడండి. ఇంజను సిగ్నలు దాటగానే ఆకుపచ్చ దీపం ఎరుపైపోతుంది. ఎన్ని క్షణాల్లో మారిందో లెక్కపెట్టి వచ్చి నాకు చెప్పండి.

మీ
తాతయ్య