గురజాడ మీద సోలో నాటకం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో తెలుగు నాటకాలు పడేదే తక్కువ. ఒక రచయిత జీవితాన్నీ రచనల్నీ ఒక్క నటుడే గంటన్నర సేపు నడిపించే నాటకాలైతే మరీ అరుదు. నేను 'కన్యాశుల్కం' నాటకం రాసిన గురజాడ అప్పారావు గారి మీద అలాంటిది వేస్తుంటాను. చూసినవాళ్ళూ, తామూ ఒకటి వేయాలనుకునే కుర్రవాళ్ళూ నాతో తరచుగా అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: ఏకపాత్రాభినయమే కదా, స్కూల్లో మేమూ వేశాం.

వాస్తవం: ఏకపాత్రలో ఒక పెద్ద నాటకంలోని మంచి ఘట్టం తీసుకుని పది నిమిషాల్లో ముగిస్తాం. మయసభలో దుర్యోధనుడు ఎవరో, ఎందుకు రగిలిపోతున్నాడో జనానికి ముందే తెలుసు. సోలోలో ఆ వెసులుబాటు లేదు. రచయిత, ఆయన చుట్టూ ఉన్న మనుషులు, ఆయన పాత్రలు అందరినీ ఒక్కడే చూపించాలి. దీనికి దగ్గరి చుట్టం హరికథ. గురజాడ కాలంలోనే, అదే విజయనగరంలో, ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టి ఒక్కరే సభలకు సభలను కూర్చోబెట్టారు. సోలో మనది కాదనేవాళ్ళకు ఆయన పేరు చాలు. ఇక బెంగళూరు సంగతంటారా, సి.ఆర్. సింహ గారు కన్నడ నాటకకర్త కైలాసం మీద వేసిన 'టిపికల్ టి.పి. కైలాసం' ఈ ఊరి రంగస్థలానికి గర్వకారణం. రచయితనే పాత్రగా చేసి ఒక్కడే నిలబడాలనుకునేవాళ్ళు ఆయన గురించి తప్పక తెలుసుకోవాలి.

అపోహ: పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అన్నీ చెప్పాలి.

వాస్తవం: చెప్పకూడదు. గురజాడ 1862లో పుట్టి 1915లో కన్నుమూశారు. ఆ వివరాలన్నీ పుస్తకంలో చదువుకోవచ్చు, దానికి స్టేజీ అక్కర్లేదు. స్క్రిప్టు రాసేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈయన ఇప్పుడు ఎవరితో మాట్లాడుతున్నాడు? అది తేలకపోతే నటుడు గాల్లోకి ఉపన్యాసం ఇస్తున్నట్టే ఉంటుంది. నా నాటకంలో గురజాడ 1914లో ఉంటారు. చదువుల్లో ఏ తెలుగు ఉండాలో తేల్చేందుకు మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కమిటీలో గ్రాంథికం, అంటే పాత పుస్తకాల భాష వైపే మొగ్గు ఉంది. ఆయన దానికి ఒప్పుకోకుండా అసమ్మతి పత్రం రాస్తున్నారు. ఒంట్లో బాగాలేదు. ఎదురుగా కూర్చున్న మనమే ఆ కమిటీ సభ్యులం. దాంతో ఆయన చెప్పే ప్రతి మాటకూ ఒక అవసరం వస్తుంది. 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడిన రాత్రి ఎందుకు గుర్తొచ్చింది? జనం మాట్లాడుకునే తెలుగుకు స్టేజీ మీద ఎంత బలం ఉందో కమిటీకి చూపించాలి కాబట్టి. చిన్ననాటి సహాధ్యాయి గిడుగు రామమూర్తి ఎందుకొస్తారు? వాడుక తెలుగు కోసం చేసిన పోరాటంలో తోడు నిలిచారు కాబట్టి. ఇలా కారణం దొరకని సంఘటన ఎంత గొప్పదైనా నేను వదిలేస్తాను.

అపోహ: గురజాడ అంటే గిరీశం. గిరీశంతో నవ్విస్తే షో గట్టెక్కుతుంది.

వాస్తవం: 'కన్యాశుల్కం'లోని మాటకారి గిరీశం వస్తే హాలు నవ్వుతుంది, అందులో సందేహం లేదు. 1955 సినిమాలో ఎన్టీఆర్‌ని చూసినవాళ్ళైతే ఆ డైలాగుల కోసమే ఎదురుచూస్తారు. కానీ 1897లో అచ్చయిన నాటకం మొదటి కూర్పు ముందుమాట చదివితే ఆ నవ్వు ఎక్కణ్ణుంచి పుట్టిందో తెలుస్తుంది. విజయనగరం ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల, అంటే డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని ఇచ్చిన పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. మొత్తం 1034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, రెండేళ్ళవాళ్ళు 6గురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. గిరీశం సీను అవగానే, గొంతులో ఏ భావమూ పలికించకుండా ఈ అంకెలు చదువుతాను. అక్కడ నటించడం అంటే ఆ పిల్లల్ని అవమానించడమే అని నా గట్టి అభిప్రాయం. ఆ తర్వాత బుచ్చమ్మ మాట్లాడినా, మధురవాణి మాట్లాడినా ప్రేక్షకులు వినే తీరే వేరుగా ఉంటుంది.

అపోహ: ఆడపాత్రకు గొంతు సన్నం చేయాలి, ముసలివాడికి వణికించాలి.

వాస్తవం: అది మిమిక్రీ. పాత్ర మారేది ముందు చూపులో. లుబ్ధావధాన్లు ఎదుటివాడి మొహం చూడడు, వాడి చేతుల్ని చూస్తాడు. మధురవాణి సూటిగా కళ్ళలోకి చూస్తుంది, మాటకు తొందరపడదు. వెంకటేశంతో మాట్లాడేటప్పుడు నా చూపు ఎప్పుడూ ఒకే ఎత్తుకు దిగాలి. అది జానెడు తప్పినా కుర్రాడు మాయమైపోతాడు. గొంతు నాదే ఉంటుంది, మార్చను.

అపోహ: బెంగళూరు తెలుగువాళ్ళకు ఆ కాలపు ఉత్తరాంధ్ర తెలుగు అర్థం కాదు.

వాస్తవం: ఇక్కడ చాలామంది తెలుగు చదవలేరు, కానీ చెవితో పట్టుకుంటారు. గురజాడ రాసింది చెవి కోసమే. పైగా కైలాసం గారి కన్నడ-ఇంగ్లిష్ కలగలుపుకు నవ్విన ఊరిది. గిరీశం ఇంగ్లిష్ ముక్కలకు కన్నడ మిత్రులు కూడా తెలుగువాళ్ళతో పాటే నవ్వుతారు. అసలు చిక్కు వేరే చోట ఉంది. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషి డైరీలు, ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో రాసుకున్నారు. ఆ అసమ్మతి పత్రమూ ఇంగ్లిష్‌లోనే ఉంది. వాటిని తెలుగు చేసేటప్పుడు పత్రికాభాష వాడితే ఆయన నోట కృతకంగా ఉంటుంది. నేను ఆయన పాత్రలు మాట్లాడే తీరు చూసుకుని వాక్యం కట్టుకుంటాను.

అపోహ: ఒక్కడే కాబట్టి ఖర్చు తక్కువ, రిహార్సల్ కూడా తక్కువే.

వాస్తవం: మాట మరిచిపోతే అందించే తోటి నటుడు ఉండడు. లైట్లు వేసే మనిషే నాకు తోటి నటుడు. మొదటి రిహార్సల్ నుంచీ అతను పక్కనుండాలి. ఈ ఊరి రంగశంకర థియేటర్‌లాంటి చోట టైముకు మొదలుపెట్టి తీరాలి, కాబట్టి ఆ టెన్షన్ అంతా ముందురోజే తీర్చుకోవాలి.

అపోహ: పోయిన రచయితే కదా, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వాస్తవం: మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళపాటు కాపీరైట్ ఉంటుంది. గురజాడ బతికుండగా అచ్చయిన రచనలకు ఆ ఇబ్బంది లేదు. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే 2043 చివరిదాకా ఆగాలి. టికెట్ పెట్టి ఆయన కవితలు చదవాలంటే హక్కుదారుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎవరైనా చేసిన అనువాదం వాడుకుంటే ఆ అనువాదకుల అనుమతి వేరే కావాలి, మూల రచయిత ఎంత పాతవారైనా సరే.